గాలిలో కట్టిన బావి

కోయంబత్తూరు పక్క పీలమేడులో వీరాయిని ఎరగనివాళ్లు లేరు గాని, వీరాయికి తెలియని సంగతి పీలమేడులో ఒకటుందంటే మాత్రం ఎవరూ నమ్మేవాళ్లు కారు. ఎవరింట్లో కొత్త రుబ్బురోలు దింపినా, ఎవరి బండికి కొత్త ఇరుసు వేసినా ఆమె వచ్చి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఈ కన్నం ఏల పెట్టినారు? ఇది లేకపోతే ఏమైతాది?" అని అడిగి పోవలసిందే. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. వీరాయి అడిగితే చెప్పేవాడు లోకువ కావడం ఒక్కటే కాదు, తనకేం తెలుసో ఏం తెలియదో కూడా తేలిపోయి తల గోక్కుంటూ నిలబడేవాడు.

ఆమె పుట్టింది మదురైకి వాయవ్యంగా ఉన్న వాడిపట్టిలో. బావులు తవ్వి, వాటికి లోపల గుండ్రంగా ఇటుకగోడ కట్టే కుటుంబం. ముత్తాతల నాడెప్పుడో పారలూ గునపాలూ భుజాన వేసుకుని తెలుగుసీమ నుంచి దిగినవాళ్లు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. బావిలోకి దిగితే మాత్రం తెలుగే. లోతు నుంచి కేక వేస్తే పైనున్నవాడికి సగం మాటే అందుతుంది, ఆ సగం ఇంటి మాటైతేనే మిగతా సగం వాడు అల్లుకోగలడు అనేవాడు ఆమె అయ్య గోవిందన్.

ఏడేళ్లప్పుడే వీరాయికి అయ్య ఒక పని అప్పగించాడు. బావి గట్టున బోర్లా పడుకుని, తూకుగుండు వేలాడే దారాన్ని చూస్తూ గోడ సరిగ్గా ఉందో లేదో చెప్పాలి. తూకుగుండు అంటే దారానికి కట్టిన ఇనుపగుండే. దారం అబద్ధం చెప్పదు, గోడ చెబుతుంది. "తూర్పుకు రెండు నూళ్లు" అని పిల్ల పైనుంచి కేక వేస్తే, కింద అయ్య ఆ ఇటుకను రెండు నూళ్లు జరిపేవాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అంత సన్నని తేడా ఆ పిల్ల కంటికి దూలమంత కనబడేదట.

పదహారో ఏట మేనమామ కొడుకు కరుప్పన్‌కిచ్చి చేశారు. పీలమేడుకు కాపురానికి వచ్చింది. కరుప్పన్ మాట తక్కువ, పని ఎక్కువ. చుట్టుపక్కల తోటల్లో అతను కట్టిన బావులు ముప్పైకి పైనే. ఇంట్లో ఇద్దరు మాట్లాడవలసినదంతా వీరాయి ఒక్కతే మాట్లాడేది కనుక సంసారానికి ఏ లోటూ రాలేదు.

పంతొమ్మిదివందల ఇరవైనాలుగులో ఊరికి ఉత్తరంగా, జొన్నచేల మధ్య, కొత్త నూలు మిల్లు కట్టడం మొదలైంది. వీరాయి సున్నం మోసే కూలికి చేరింది. కూలి ఒక వంక. అసలు సంగతి, చూడకుండా ఉండలేకపోవడం.

అక్కడ ఏది చూసినా నోరు తెరుచుకునేది. ఒక్కొక్క ఇనుపస్తంభం తాటిమాను పొడుగు, దాని ఒంటి మీద పొడుచుకువచ్చిన ఇంగ్లీషు అక్షరాలు. అంత పెద్ద ఇనుమును ముద్దగా కరిగించి, లోపల బోలుగా పోశారని మిల్లు కమ్మరి యేసుదాస్ చెబితే, ఆమె పిడికిలితో స్తంభాన్ని తట్టి చెవి ఆనించి విన్నది. నిజంగానే కుండలా మోగింది. బాయిలరు వచ్చిన రోజున ఇరవై జతల ఎడ్లు కట్టారు. ఊరంతా రోడ్డు పక్కన నిలబడి ఊరేగింపు చూసినట్టు చూసింది. ఇంజను గదిలో బిగించిన చక్రం సగం నేలలో దిగి ఉన్నా మిగతా సగమే ఊళ్లో ఇళ్ల కప్పుల కంటే ఎత్తుంది.

అన్నిటికంటే ఆమెను నిలబెట్టేసింది మిల్లు కప్పు. రంపం పళ్లలాగా వరసగా లేచి, ప్రతి పన్నుకూ ఒకవైపే అద్దాలు. అన్నీ ఉత్తరం వైపే.

"ఏల అన్నా, దక్షిణానికి అద్దం పెడితే ఏమైతాది?" అని యేసుదాసును అడిగింది.

"ఎండ నేరుగా పడితే నూలు బిరుసెక్కి తెగుతాదమ్మా. ఉత్తరానికి పెడితే వెలుతురు వస్తాది, ఎండ రాదు."

వీరాయి ఆ రోజు మధ్యాహ్నం కూడు తినేటప్పుడు కూడా పైకే చూస్తూ కూర్చుంది. సూర్యుణ్ణి గుమ్మం బయట నిలబెట్టి, అతని వెలుతురును మాత్రం లోపలికి పిలిచిన ఇల్లు. దేవుడికి కూడా ఇలా కట్టలేదు గదా, దారానికి కట్టారే అనుకుంది.

మరుసటేడు పొగగొట్టం పని వచ్చింది. సిమ్నీ అనేవాళ్లు దాన్ని. మిల్లు కట్టుబడి చూసే సుబ్బరాయన్ ఊళ్లో పత్తి వ్యాపారం చేసే తెలుగు ఇంటివాడు. ఆయన తోటలో బావి కట్టింది కరుప్పనే. అందుకని కబురుపెట్టి పిలిపించాడు.

"కరుప్పా, పదేళ్లైనా నీ బావిలో ఒక్క ఇటుక కదల్లేదు. అదే చెయ్యి పైకి తిప్పు. నూట ఇరవై అడుగులు. లోపల నిలబడి చుట్టూ కట్టుకుంటూ పోవడమే కదా."

"సామీ, బావి కిందికి పోతాది. ఇది పైకి పోతాది," అన్నాడు కరుప్పన్.

"గుండ్రం గుండ్రమే గదప్పా."

కరుప్పన్ వెనకనుంచి వీరాయి అందుకుంది. "పొగ పోయేదానికి అంత ఎత్తేల సామీ? మా ఇంట్లో పొగ కిటికీలోనే పోతాది."

"అమ్మణీ, ఆ మాట ఇంజనీరును అడుగు. నన్ను వదిలిపెట్టు," అని సుబ్బరాయన్ నవ్వాడు.

ఆమె నిజంగానే అడిగింది. ఇంజనీరు కోదండరామన్‌ది మదురైలో జవుళి కొట్లున్న తెలుగు కుటుంబం. మద్రాసులో చదివినవాడు. నెలకోసారి వచ్చి కొలతలు చూసి పోతాడు. ఆమె ప్రశ్నకు ఆయన విసుక్కోలేదు.

"పొగను వదిలేదానికి కాదమ్మా, గాలిని పీల్చేదానికి. వేడి పొగ పైకి పోతుంటే కింద నిప్పులోకి కొత్త గాలి దానంతట అదే జొరబడుతుంది. గొట్టం ఎంత ఎత్తైతే అంత లాగుడు. ఇది కొలిమితిత్తి. తొక్కేవాడు అక్కర్లేని తిత్తి."

ఇటుకా సున్నమూ పేర్చి ఊపిరి తీసేదాన్ని చేస్తారా అని వీరాయి ఆ రాత్రంతా మొగుడికి చెప్పిందే చెప్పింది. అతను నిద్రపోయాక గోడకు చెప్పింది.

మాఘంలో మొదటి ఇటుక పెట్టారు. బావివాళ్ల ఆచారం ప్రకారం ఆలుమగలిద్దరూ చెప్పులు విడిచి, నేలను ముట్టి కళ్లకద్దుకుని, ఇద్దరి చేతులతో కలిపి ఆ ఇటుకను దింపారు. బావికి వాడే గానుగ సున్నమే కలిపారు. కరక్కాయ నీళ్లు, బెల్లం పాకం పోసి, నెమ్మదిగా బిగిసేది. కరుప్పన్ లోపల అడ్డుకొయ్యల మీద నిలబడి వరస మీద వరస పేర్చాడు. ప్రతి సాయంత్రం గుండు వేసి, ఇవాళ్టి వరస నిన్నటి వరసకు సరిగ్గా ఉందని చూసుకునేవాడు. పైకి పోయేకొద్దీ గొట్టం సన్నబడాలి. దానికి ఇంజనీరు ఇచ్చిన చెక్క కొలత ఉంది. అది గోడకు ఆనించి చూస్తే ప్రతిరోజూ సరిపోయింది. చిత్రి అనే చైత్రం నాటికి యాభై అడుగులు, ఆని అనే జ్యేష్ఠానికి ఎనభై. పైకెక్కి చూస్తే పడమట కొండలు, తూర్పున సూలూరు చెరువు మెరుపు. దారిన పోయే బండ్లవాళ్లు ఎడ్లను ఆపి మెడలు వెనక్కి వాల్చి చూసి పోయేవాళ్లు.

ఆడి నెల వచ్చింది, మన ఆషాఢం. కోయంబత్తూరు వాళ్లకు ఆడి గాలి గురించి చెప్పనక్కర్లేదు. పాలక్కాడు కనుమ లోంచి పడమటి గాలి తెంపు లేకుండా దూసుకొస్తుంది. ఆడి గాలికి సన్నికల్లే ఎగురుతుందని సామెత. ఆ గాలిలోనే కరుప్పన్ తొంభై అడుగులు ముట్టాడు.

ఒక ఉదయం వీరాయి నీళ్లకుండతో దక్షిణం పక్కనుంచి వస్తూ తలెత్తి చూసి ఆగిపోయింది. గొట్టం రెండంచులూ పైకి పోయేకొద్దీ ఒకేలా లోపలికి వాలాలి. కుడివైపు, అంటే తూర్పు అంచు, దాదాపు నిటారుగా కనబడుతోంది. ఎడమవైపు, పడమటి అంచు, ఎక్కువగా వాలింది. కుండ దించింది. కళ్లు మూసి తెరిచింది. మళ్లీ అదే.

ఎవరితోనూ అనలేదు. మొగుడు కూటికి దిగేదాకా ఆగింది.

"మామా, పైనుంచి కిందిదాకా గుండు వేసి ఎన్ని దినాలాయె?"

"దినం దినం వేస్తానే ఉండాను గదే."

"దినం దినం వేసేది నిన్నటి వరసకు. నేనడిగేది మొదటి వరసకు."

కరుప్పన్ ముద్ద చేతిలో పట్టుకుని ఆమె వైపు చూశాడు. "బావిలో ఎవురన్నా అట్ల వేస్తారా?"

వెయ్యరు. అక్కడే ఉంది తిరకాసు. బావిలో గోడను నాలుగు వైపులా నేల పట్టుకుని ఉంటుంది. నిన్నటి వరస నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంటుంది. దానికి సరిచూసుకుంటే చాలు. తరతరాలుగా వాళ్ల చేతులకు అబ్బిన అలవాటు అది.

తినడం ఆపి ఇద్దరూ లోపలికి పోయారు. కరుప్పన్ శిఖరాన అడ్డుకొయ్య మధ్య నుంచి పొడుగాటి దారం వదిలాడు. గుండు ఊగకుండా వీరాయి దాన్ని ఆముదం పోసిన కుండలో మునిగేలా పెట్టింది. అడుగున నేల మీద, గొట్టం నడిమధ్యను చూపే రాయి ఒకటి పాతి ఉంది. కరుప్పన్ దిగివచ్చాక, గుండు నిలిచేదాకా ఇద్దరూ కుండ పక్కన కూర్చున్నారు. అది నిలిచింది. రాయికి ఆరంగుళాల తూర్పున నిలిచింది.

వీరాయి గోరుతో ఇటుకల మధ్య సున్నాన్ని గీకి చూసింది. పడమట రాయిలా ఉంది. తూర్పున గోరు దిగింది, జున్నులో దిగినట్టు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. గాలి కొట్టిన పక్క సున్నం తొందరగా ఆరి బిగిసింది. గాలి మరుగున ఉన్న పక్క పచ్చిగానే ఉండి, బరువు పడేకొద్దీ నలిగింది. పైన గాలి తోపు ఒకటి. గొట్టం నెమ్మదిగా తూర్పుకు ఒరిగింది.

కరుప్పన్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "బావిలో గాలి ఉండదు పిల్లా. గాలి అనేది ఒకటుందని మన అయ్యలెవురూ నేర్పలేదు."

"ఇప్పుడేం చేద్దాం?"

"సామికి చెప్పాల."

"చెప్పకుండా పోతే?"

"సిమ్నీని ఏ కొంగులో దాస్తావే," అన్నాడతను. ఆ మాటకు ఇద్దరికీ నవ్వు వచ్చింది. తర్వాత అతను లేచి, తువాలు దులుపుకుని, తనంతట తానే సుబ్బరాయన్ దగ్గరకు పోయి చెప్పాడు.

మూడో రోజుకు కోదండరామన్ వచ్చాడు. మూడుకాళ్ల కొలత పెట్టెలో ఒంటికన్ను పెట్టి మూడు దిక్కుల నుంచీ చూశాడు. "అరవై అడుగులు దించేయాలి," అన్నాడు. "మద్రాసు నుంచి వేరే పనివాళ్లు వస్తారు. నీ మీద కోపం లేదు కరుప్పా. కాని ఇది నిలవదు."

సుబ్బరాయన్ నేల చూపులు చూశాడు. కరుప్పన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రానికల్లా ఊరికి పేరు దొరికిపోయింది: వంకర కరుప్పన్. బావి కట్టేవాడికి చెయ్యే ఆస్తి, పేరే పెట్టుబడి. చెయ్యి వంకర అని ఒక్కసారి అనిపించుకున్నాడంటే ఏ తోట యజమానీ తన గడ్డలో గునపం దించనివ్వడు. ఇటుకలు దించితే మళ్లీ పేర్చుకోవచ్చు. పేరును దించితే పేర్చుకునేదానికి సున్నం లేదు. కరుప్పన్ ఆ రాత్రి కూడు ముట్టలేదు. మరునాడు పనికి పోవలసిన వేళకు అరుగు మీద కూర్చుని తన తాపీని కొబ్బరిపీచుతో తోముతూనే ఉన్నాడు. తోమడానికి దాని మీద ఏమీ లేదు.

వీరాయి అతన్ని చూస్తూ బియ్యం ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ చేయి ఆగిపోయింది.

ఆమెకు పదకొండేళ్లప్పుడు వాడిపట్టి దగ్గర ఇసకనేలలో ఒక బావి పడింది. అలాంటి నేలలో ముందు పైనే ఇటుక ఉంగరం కట్టి, దాని కింద మట్టి తీసేకొద్దీ ఉంగరం తన బరువుతో తానే దిగేలా చేస్తారు. ఆ ఉంగరం ఒరిగింది. తోట యజమాని తిట్లకు లంకించుకున్నాడు. అయ్య మాత్రం ఒరిగిన పక్కను తాకనే లేదు. పైకి లేచి ఉన్న పక్క కింద బుట్టెడు మట్టి తీశాడు. ఇంకో బుట్టెడు తీశాడు. అంత పెద్ద గోడ గుర్రుమని ఆ పక్కకు కూర్చుని, తిన్నగా నిలిచింది. "ఏనుగును తోసి పండబెట్టలేము పాపా," అన్నాడయ్య. "అది పండుకునే చోటు చూపిస్తే అదే పండుకుంటాది."

చేట అక్కడే పెట్టి వీరాయి లేచింది.

"మామా, లేచిన పక్క ఏది? పడమర. దాని కింద తీసేదానికి ఏముంది?"

"ఏముంది? ఇటుక."

"ఇటుక కాదు. సున్నం."

కరుప్పన్ తాపీ తోమడం మానేశాడు.

కోదండరామన్ ఊరికి పోయే బండి కోసం మిల్లు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వీరాయి ఆయన ముందు నేల మీద ఎనిమిది ఇటుకలు, మధ్య మధ్య తడిమట్టి పెట్టి పేర్చింది. ఒరిగేలాగే పేర్చింది. కొంగులోంచి ఒక పురి దారం తీసి, పైకి లేచిన పక్కన రెండిటుకల నడుమ పెట్టి అటూ ఇటూ లాగింది. మట్టి రాలింది. ఇటుకల దొంతర ఒక్క కదలిక కదిలి తిన్నగా కూర్చుంది.

ఇంజనీరు వంగి చూశాడు.

"ఈ చదువు ఎక్కడ చదివావమ్మా?"

"బావిలో సామీ."

"ఎన్నో తరగతిదాకా?"

"నలభై అడుగుల తరగతి. అప్పురం నీళ్లు పడినాయి, మానేస్తిమి."

సుబ్బరాయన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. కోదండరామన్ నవ్వలేదు. బండిని పంపించేశాడు. గదిలో కూర్చుని సాయంత్రందాకా కాగితాల మీద లెక్కలు వేశాడు. బయటికి వచ్చి, "ఇంగ్లీషు సీమలో ఇలా చేశారని ఒక పుస్తకంలో చదివాను. గొప్పలు రాశారనుకున్నాను," అన్నాడు. "ఎనిమిది రోజులు ఇస్తాను. ఇరవై అడుగుల ఎత్తున, రెండు వరసల సున్నం, పడమటి సగం. అంతకు మించి తాకరాదు. తెల్లవారుజామున గాలి పడిపోయినప్పుడే పని. చుట్టూ ఒక్క మనిషి ఉండరాదు."

రెండడుగుల మందం గోడలో మూడు నూళ్ల సున్నాన్ని కోసే రంపం ఎక్కడుంది? దానికి యేసుదాస్ దారి చూపాడు. పత్తి బేళ్లకు చుట్టే ఇనుపపట్టీ తీసి, ఒక అంచంతా ఆకురాయితో పళ్లు కోశాడు. గోడకు అటొకరు, ఇటొకరు నిలబడి లాగేంత పొడుగు. రంపం చేతికిస్తూ, "మీ సామికి మీరు చెప్పుకోండి, మా సామికి నేను చెబుతాను. సిమ్నీ ఎవురి మాట వింటాదో చూద్దాము," అన్నాడు.

బయట కరుప్పన్ సరే. లోపల ఎవరు? కరుప్పన్ వేరే మనిషి పేరు చెప్పబోయాడు.

"వానికి నూలు కనబడతాదా?" అంది వీరాయి. "కోస్తా ఉంటే గుండు చూసేది ఎవురు?"

"పడితే?"

"పడితే బయట నువ్వు మాత్రం మిగులుతావా మామా. ఇద్దరమూ ఒకే ఇటుకల కింద ఉంటాము. పద."

కోత ఎత్తుకే లోపల బల్లలు వేసి, ఆముదం కుండను అక్కడికి ఎక్కించి, గొట్టం నడిమధ్యకు ఒక గుర్తు పెట్టారు. అక్కడి లెక్కకు ఒంపు అయిదంగుళాలు. మొదటి తెల్లవారు, చుక్కలు పలచబడుతుండగా, ఇద్దరూ రంపం రెండు కొసలూ పట్టుకున్నారు. గోడ లోపలికి పోతూ వస్తూ ఇనుము చేసే గరగర తప్ప లోకంలో చప్పుడు లేదు. కోసినంత మేరా కరుప్పన్ బయటినుంచి తాటిచెక్క చీలికలు దూర్చి బిగించేవాడు. రెండు తెల్లవార్లు పట్టింది ఒక్క వరసకు. గుండు కదల్లేదు.

మూడో తెల్లవారున చీలికలు తీయడం మొదలుపెట్టారు. ఒకటి తీశాడు. రెండు. మూడు. వీరాయి దీపం పక్కన పెట్టుకుని కుండ మీదికి వంగి ఉంది. తల మీద డెబ్బై అడుగుల ఇటుక. నాలుగో చీలిక తీసినప్పుడు గోడలో ఎక్కడో ముసలివాడు దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది. గుండు కంటే ముందు నూనె కదిలింది. నూనె మీద సన్నని ముడత ఒకటి, నిద్రలో ఉన్న పసిబిడ్డ నుదుటి మీద వచ్చినట్టు వచ్చి పోయింది. ఆ తర్వాత దారం పడమరకు నడిచింది. నూలు తర్వాత నూలు, ఎవరూ తోయకుండా, ఎవరూ లాగకుండా. అంత కొండను తాము కదిపామని ఆమెకు అనిపించలేదు. అది తన ఇష్టంతో పక్కకు తిరిగి పడుకుంటోందని, తాము పక్కన కూర్చుని చూస్తున్నామని అనిపించింది. చేతులు రెండూ వాటంతట అవే జోడించుకున్నాయి.

"ఎంత?" అని గోడ అవతలినుంచి కరుప్పన్.

"రెండున్నర మిగిలింది మామా."

రెండో వరస కోయడానికి ఇంకో రెండు తెల్లవార్లు పట్టింది. ఆరో రోజు చీలికలు తీసేటప్పుడు మొదట నెమ్మదిగానే కదిలింది. రెండంగుళాలు మిగిలింది. ఒకటి. అప్పుడు వేగం అందుకుంది. దారం ఆగడం లేదు. నాలుగు నూళ్లు, మూడు నూళ్లు. ఇలా పోతే గుర్తు దాటి పడమరకు పోతుంది. ఇంకో వరస కోయనిచ్చేది లేదు, పడమరకు ఒరిగితే దానికి మందు లేదు.

"బిగించు," అని కేక వేసింది. రెండడుగుల గోడ దాటి ఆ మాట ఎంత పోయిందో ఏమో. కరుప్పన్‌కు వినబడింది "గించు" మాత్రమేనట. సమ్మెట ఎత్తి చేతికి దొరికిన చీలికనల్లా కొట్టాడు. టక్కు, టక్కు, టక్కు. గోడ మళ్లీ ఒకసారి దగ్గింది. నూనె నిలిచింది. గుండు నిలిచింది.

వీరాయి దీపాన్ని దగ్గరికి జరిపి, మూడుసార్లు చూసి, అప్పుడు ఊపిరి వదిలింది. గుర్తుకు తూర్పుగా ఒకే ఒక నూలు.

పొద్దెక్కాక కోదండరామన్ తన కొలత పెట్టెతో మూడు దిక్కులూ తిరిగాడు. నాలుగో దిక్కుకూ పోయాడు. తిరిగి వచ్చి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఆ ఒక్క నూలూ తీయాలా సామీ?" అని అడిగాడు కరుప్పన్.

"దాని జోలికి పోవద్దు. నా ఇంటి గోడకు అంతకంటే ఎక్కువ ఒంపు ఉంది." ఆయన సుబ్బరాయన్ వైపు తిరిగాడు. "దించనక్కర్లేదు. మద్రాసువాళ్లకు రావద్దని రాయండి. మిగతా ముప్పై అడుగులూ ఈ చేతులే కట్టాలి."

కరుప్పన్ పక్కకు పోయి ముఖం కడుక్కున్నాడు. ఆ రోజు అతను ఆరుసార్లు ముఖం కడుక్కున్నాడని వీరాయి లెక్కపెట్టింది.

మిగతా ముప్పై అడుగులూ వేరే తీరుగా లేచాయి. నాలుగడుగులు కట్టి మూడు రోజులు ఆగడం. పడమటి పక్కన తడి గోనెలు వేలాడదీసి గాలికి మరుగు చేయడం. ప్రతి సాయంత్రమూ శిఖరం నుంచి మొదటి రాయిదాకా గుండు దింపడం. కార్తికం చివర్లో నెత్తిన రాతి పట్టీ కూర్చోబెట్టారు.

పొయ్యి ముట్టించిన రోజు ఊరంతా బయట నిలబడి పైకి చూస్తుంటే, వీరాయి మాత్రం లోపలికి పోయి బాయిలరు తలుపు ముందు నిలబడింది. యేసుదాస్ తలుపు జానెడు తెరిచాడు. మొదట ఏమీ లేదు. తర్వాత చెంపల పక్కనుంచి చల్లని గాలి నిప్పువైపు పారింది. ఆమె కొంగు తనంతట తాను లేచి తలుపు వైపు చాచుకుంది. నిప్పు ఎర్రన పోయి పసుపైంది, పసుపు పోయి తెల్లనైంది, లోపల ఏదో పెద్ద ప్రాణి గుండెనిండా ఊపిరి తీస్తున్నట్టు హోరు పుట్టింది. ఇంజను గదిలో ఆ ఇంటెత్తు చక్రం ఒక్కసారి ఉలిక్కిపడి తిరగడం మొదలుపెట్టింది. స్తంభాలు, గోడలు, కింద నేల, నేల మీద ఆమె అరికాళ్లు, అన్నీ కలిసి సన్నగా వణికాయి. ఇంత ఊపిరి ఆ గొట్టానిది, ఆ గొట్టం నిలబడింది ఒక పురి దారం సందులో అని తలుచుకుంటే ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. అడగడానికి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఆమె బతుకులో అలాంటి సమయం అదే మొదలు.

పది రోజులకు సూలూరు నుంచి ఒకాయన వచ్చాడు. అక్కడ కొత్త మిల్లు లేస్తోంది. వీధి మొదట్లో ఆగి, "ఒంగిన సిమ్నీని నిలబెట్టినవాళ్ల ఇల్లు ఏది?" అని అడిగాడు. నిన్నటిదాకా వంకర కరుప్పన్ అన్న నోళ్లే నాలుగు దిక్కుల నుంచీ దారి చూపాయి.

ఆయన అరుగు మీద కూర్చుని సంగతి చెప్పాడు. నూట ముప్పై అడుగులు కావాలట. ఆలుమగలిద్దరూ రావాలట, మిల్లు యజమాని గట్టిగా చెప్పి పంపాడట. వీరాయి మజ్జిగ తెచ్చి ఇచ్చి, అడగడానికి నోరు తెరిచింది. ఆమెకంటే ముందు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎవరినీ ఏమీ అడిగి ఎరగని కరుప్పన్ ముందుకు జరిగి కూర్చున్నాడు.

"అయ్యా, మీ ఊళ్లో గాలి ఏ పక్కనుంచి కొడతాది? ఏ నెలలో మొదలైతాది? ఎన్ని దినాలు ఉంటాది?"

వచ్చినాయన మజ్జిగ గ్లాసు పట్టుకుని తల గోక్కున్నాడు.